సరంగు మామ అడిగిన ప్రశ్న

మెట్టుగూడ హాస్టల్ నుంచి మేం ముగ్గురం రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

కాలేజీ ప్రాజెక్టు కింద ఒక చిన్న రేసు బోటు చేస్తున్నాం. టీమ్‌లో ఎనిమిది మంది. స్టీరింగ్ పని మాకిచ్చారు. "మీది గోదారి పక్కనే కదా" అని నవ్వుకుంటూ ఇచ్చారు. తేల్చాల్సింది చక్రం ఎంత పెద్దది పెట్టాలి అని.

మిగతావాళ్లు పది అంగుళాలు చాలన్నారు. 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో జరిగిన ఎఫ్ వన్ హెచ్ టూ ఓ రేసుల వీడియోలు చూపించారు. గంటకు 200 కిలోమీటర్లు దాటే బోట్లు, బ్రేకులుండవు, ఇరుకు కాక్‌పిట్, అందులో చిన్న చక్రం. మేం చిన్నప్పటి నుంచి చూసింది లాంచీల పెద్ద చక్రాలు. మా మనసులో పదహారు అంగుళాలు ఉంది. కానీ మీటింగ్‌లో నోరు తెరవలేదు. వాళ్లు గడగడా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే "సరే" అని లేచి వచ్చేశాం.

రాత్రి కూనవరం వైపు లాంచి నడిపే మామకు ఫోన్ చేశాం. ఆయన సరంగు. బడికి పోయింది తక్కువ.

"మామా, చక్రం ఎంతది పెట్టాలె?"

"అది తర్వాతరా. నడిపేటోళ్లు నిలబడి తిప్పుతరా, కూసోని తిప్పుతరా? వాళ్ల చేతుల్లో బలమెంత?"

ఈ ప్రశ్న మీటింగ్‌లో ఎవరూ అడగలేదు. నిజానికి మేం కూడా అనుకోలేదు.

మర్నాడు రాణిగంజ్ పోయి పాత వ్యాన్ చక్రం పదహారు అంగుళాలది, గో-కార్ట్ చక్రం పది అంగుళాలది తెచ్చాం. మా బోటు షాఫ్టు ముప్పావు అంగుళం, కొసకు సన్నబడుతుంది. దాని మీద కారు చక్రం నేరుగా కూర్చోదు. వర్క్‌షాప్‌లో లేత్ మీద హబ్ చేయించాం. నీళ్లు నెట్టినట్టు ఉండాలని మోటారుకు తాడు కట్టి పక్కకు బరువు వేలాడదీశాం. చక్రం అంచుకు స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాం.

పది అంగుళాల దానికి 8 కిలోల బలం పట్టింది. పదహారు దానికి 5 కిలోలు. ఆ కొస నుంచి ఈ కొసకు రెండున్నర చుట్లు తిప్పాలి. చిన్న చక్రంతో చెయ్యి ఆరున్నర అడుగులు తిరిగితే చాలు, పెద్దదానితో పదిన్నర. అంటే చిన్నది తొందరగా తిరుగుతుంది, కానీ చేతులు పీకుతాయి. పెద్దది తేలిక, కానీ ఆలస్యం.

బోటు నడిపేది మా క్లాసు అమ్మాయి. పది అంగుళాలది ఇరవైసార్లు తిప్పేసరికి భుజం పట్టుకుంది. పదహారు దానికి మోకాళ్లు తగిలాయి. వాళ్లదీ తప్పే, మాదీ తప్పే. పదమూడు అంగుళాలది పెట్టి చూస్తే ఆరు కిలోల పైచిలుకు, ఎనిమిదిన్నర అడుగులు. మోకాళ్లకూ తగల్లేదు. అదే ఖాయం చేశాం.

తెరచాపతో పందేలకు పోయే పెద్ద పడవలకు మాత్రం చక్రం చాలా పెద్దది పెడతారు. నడిపే మనిషి పక్క అంచున కూర్చొని తెరచాపను చూస్తూ తిప్పాలి కాబట్టి. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నేర్చుకునే చిన్న సెయిలింగ్ పడవలకైతే చక్రమే లేదు, చుక్కానికి కర్ర ఉంటుంది. వేగం ఒక్కటే చూసి చక్రం సైజు చెప్పలేం, మనిషి ఎక్కడ ఎట్లా కూర్చుంటాడో కూడా చూడాలి.

రివ్యూ రోజు ఈ లెక్కలన్నీ బోర్డు మీద రాశాం. తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడాం, అక్కడక్కడా తడబడ్డాం కూడా. "ఈ ఆలోచన ఎక్కడిది?" అని సార్ అడిగారు. ఫస్టియర్‌లో పరిచయాలప్పుడు మా ఇళ్లల్లో ఎవరేం పని చేస్తారో సగం దాచి చెప్పాం. ఈసారి దాచలేదు. "మా మామ లాంచి సరంగు సార్, ఆయన అడిగిన ప్రశ్న" అన్నాం. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బోటు ఇంకా నీళ్లలో దిగలేదు. దిగాక మళ్లీ రాస్తాం. చర్ల, దుమ్ముగూడెం, వీఆర్ పురం వైపు మీ ఇళ్లల్లో పడవ నడిపేవాళ్లుంటే ఒక్కమాట అడిగి కింద రాయండి: ఏటికి ఎదురు పోయేటప్పుడు చెయ్యి ఎక్కడ పెడతారు?