సెల్ఫ్ తీసుకోని బుల్లి క్వాడ్

చిన్న క్వాడ్ బైకు బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే చుట్టూ చేరినవాళ్లు రెండే మాటలు అంటారు. మొదటిది "బ్యాటరీ పోయుంటుంది." రెండోది "డైరెక్ట్ ఇచ్చేద్దాం." మొదటిది చాలాసార్లు నిజమే అవుతుంది. రెండోది వింటే నాకు భయం వేస్తుంది. ఆ బండెక్కేవాళ్లలో పిల్లలు ఎక్కువ. వాళ్ల కోసమని పెట్టిన స్విచ్చులే వాటిని దాటేసి కలిపే డైరెక్ట్ వైరు దెబ్బకి ముందుగా పోతాయి.

నేను చెప్పేది 110 సీసీ బండ్ల గురించి. చైనాలో తయారై, మన దగ్గర విశాఖ తీరంలోనూ వికారాబాద్ అడవుల పక్క రిసార్టుల్లోనూ తిరిగే రకం. ఇంజన్ కొత్తదేం కాదు. 1958లో హోండా సూపర్ కబ్‌తో వచ్చిన, పడుకోబెట్టినట్టుండే ఒంటి సిలిండర్ ఇంజన్ వంశమే. కబ్‌కి కిక్కర్ ఉండేది. ఈ క్వాడ్‌లలో చాలావాటికి అది లేదు. తోసి స్టార్ట్ చేద్దామన్నా ఆటోమేటిక్ క్లచ్ పట్టుకోదు. సెల్ఫ్ ఒక్కటే దారి. ఆ సెల్ఫ్‌కి సీటు కింది చిన్న బ్యాటరీయే దిక్కు.

మా పిన్ని కొడుకు సముద్రపొడ్డున ఇలాంటి బండ్లు తిప్పుతాడు. వానలు వెనకబట్టి జనం మళ్లీ రావడం మొదలయ్యాక అతని నుంచి ఫోన్ వచ్చింది. "అన్నయ్యా, బ్యాటరీ కొత్తది వేశాను. అయినా టక్ అంటోంది గానీ తిరగట్లేదు."

ఆ టక్ చాలా చెబుతుంది. అది స్టార్టర్ రిలే చప్పుడు. బటన్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో రిలే లోపలి కాయిల్ అయస్కాంతమై, మందపాటి రాగి కాంటాక్టులను కలుపుతుంది. మోటారుకి వెళ్లే పెద్ద కరెంటు వాటి గుండానే పోవాలి. టక్‌మని ఒక్కసారి మోగి ఊరుకుందంటే తాళం, ఫ్యూజు, బ్రేకు స్విచ్, బటన్ అన్నీ తమ పని చేసినట్టే. ఇక వెతకాల్సింది లావు తీగల వైపు. టకటకమని ఆగకుండా కొట్టుకుంటుంటే చాలాసార్లు బ్యాటరీ దిగిపోయిందన్నమాట. కాంటాక్టులు కలవగానే ఓల్టేజీ కూలిపోతుంది, కాయిల్ వదిలేస్తుంది, వదలగానే ఓల్టేజీ లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. అసలు చప్పుడే లేకపోతే గొడవ సన్న తీగల వైపు ఉంది. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోకముందే చెవితో సగం పని అయిపోతుంది. దీన్ని వదులుకుని నేరుగా పార్టులు మార్చడానికి దిగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పోయేది బండి యజమాని డబ్బు, ఆ రోజు కిరాయి కూడా.

నేను వెళ్లి మా వాడి బండికి మీటరు పెడితే 12.7 ఓల్టులు చూపించింది. కొత్త బ్యాటరీకి అది సరిపోయే అంకె. అయినా దాన్నిబట్టి తీర్పు చెప్పకూడదు. బటన్ నొక్కి పట్టుకుని చూడాలి. మోటారు లాగుతున్నప్పుడు బ్యాటరీ మొనల దగ్గర పది ఓల్టులకు అటూఇటూ నిలిస్తే అది మంచిదే. ఆరుకో ఏడుకో పడిపోతే విశ్రాంతిలో ఎంత చూపించినా పనికిరాదు. మా వాడి బండిలో బటన్ నొక్కినా పన్నెండు దాటే ఉంది, దాదాపు కదల్లేదు. అంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, కరెంటు మోటారు దాకా చేరడం లేదు.

అప్పుడు మీటరు ఎర్ర మొనను ఇంజన్ బాడీకి, నల్ల మొనను బ్యాటరీ నెగటివ్‌కి ఆనించి బటన్ నొక్కమన్నాను. ఒకే తీగకు, అంటే ఎర్త్ తీగకు, రెండు కొసలవి. ఎర్త్ బాగుంటే అక్కడ అర ఓల్టు కూడా కనిపించకూడదు. మీటరులో అంకె గబగబా పెరుగుతూ పోయింది. బోల్టు విప్పాం. పైకి తళతళలాడుతున్న లగ్గు అడుగున పచ్చటి పొడి పేరుకుని ఉంది, ఉప్పుగాలి రాగిని తిన్న ఆనవాలు. తొడుగు కాస్త చీల్చి చూస్తే లోపలి రాగి పోగులు వేలెడు పొడవున నల్లబడి, వంచితే పుటుక్కున విరిగాయి.

లైట్లు వెలుగుతున్నాయి కదా, ఎర్త్ ఎలా పోయిందంటావని మా వాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. చెడిన జాయింటులో ఓములో పదో వంతు నిరోధం చేరిందనుకుందాం. వెనక లైటు తీసుకునేది అర ఆంపియరు. దానికి పోయేది ఓల్టులో ఇరవయ్యో వంతు, కంటికి తేడాయే తెలియదు. అదే జాయింటు గుండా మోటారు యాభై ఆంపియర్లు లాగాలంటే అక్కడే ఐదు ఓల్టులు ఆవిరైపోతాయి. ఇక్కడ నిరోధం అంతకన్నా ముదిరిపోయింది కాబట్టి ఆ కరెంటే పారలేదు. మంచి డిజిటల్ మీటరు లోపలి నిరోధం దాదాపు కోటి ఓములు. కరెంటు పారనప్పుడు కుళ్లిన తీగకు కూడా అది 12 ఓల్టులు చూపిస్తుంది. మన ఊళ్లలో ఆటో ఎలక్ట్రీషియన్లు ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి టెస్ట్ ల్యాంపుగా వాడతారు. ఆ 21 వాట్ల బల్బు రెండు ఆంపియర్లకు కాస్త తక్కువగా లాగుతుంది కాబట్టి సన్న తీగల బండారం వెంటనే బయటపెడుతుంది. ఆ పనిముట్టంటే నాకు ఎంతో గౌరవం.

బటన్‌ని మాత్రం నాలుగైదు సెకన్లకు మించి పట్టుకోకూడదు. 1912 కాడిలాక్ కారుకి సెల్ఫ్ స్టార్టర్ సమకూర్చిన చార్లెస్ కెటరింగ్ పట్టుకున్న కిటుకు అక్కడే ఉంది. మోటారు కొన్ని క్షణాలే తిరగాలి గనక చిన్న మోటారు మీద పెద్ద బరువు వేయొచ్చు. ఆ క్షణాలు నిమిషాలైతే కార్బన్లు, ఆర్మేచర్ మాడిపోతాయి.

చప్పుడే రాని బండి కథ వేరు. ఈ బండ్లలో చాలావాటికి బ్రేకు పట్టుకుంటేనే బటన్‌కి కరెంటు వస్తుంది. కొన్నింటికి గేరు న్యూట్రల్‌లో కూడా ఉండాలి. అందుకే ముందు బ్రేకు పట్టి వెనక ఎర్రలైటు వెలుగుతోందా చూడాలి. వెలగకపోతే, బల్బు మాడలేదని తేలితే, తప్పు బ్రేకు లీవరు కింది చిన్న స్విచ్‌దే కావచ్చు. ఇసుక చేరితే దాని మొన లోపలే ఇరుక్కుపోతుంది. శుభ్రం చేస్తే తీరే పని. తీరకపోతే స్విచ్ మార్చినా పెద్ద ఖర్చేం కాదు. సరిగ్గా ఇక్కడే చాలామంది రెండు వైర్లు మెలేసి టేపు చుట్టేస్తారు. ఆ తర్వాత బ్రేకు పట్టకుండానే, బటన్‌కి ఏదైనా తగిలినా చాలు, బండి స్టార్టవుతుంది. ఆ క్షణంలో పిల్లవాడి బొటనవేలు యాక్సిలరేటర్ మీద ఉంటే బండి ముందుకు దూకుతుంది. తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక్క నిమిషం వైరు కలిపి చూడటం వేరు, అలాగే వదిలేసి కిరాయికి పంపడం వేరు. రెండోదాన్ని నేను ఒప్పుకోను.

మోటారు తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు, ప్లగ్‌లో నిప్పురవ్వ లేదు అన్నప్పుడు ఇంకో తీగను అనుమానించాలి. అది నిప్పురవ్వ పుట్టించే సీడీఐ పెట్టెకి వెళ్లే కిల్ తీగ. ఈ తరహా బండ్లలో ఎక్కువవాటికి ఆ తీగ ఎర్త్‌కి తగిలితే ఇంజన్ ఆగుతుంది. పిల్లవాడి చేతికి కట్టే తాడు ఊడినా, ఎర్ర స్విచ్ నొక్కినా, తాళం తిప్పినా జరిగేది అదే. తొడుగు రాసుకుపోయి ఆ తీగ ఫ్రేముకి తగిలితే నిప్పురవ్వ రాదు. కప్లర్ నుంచి ఆ ఒక్క తీగను పీకి చూస్తే తేలిపోతుంది. కాకపోతే పీకిన తీగను తిరిగి పెట్టాలి. ఎందుకంటే ఈ తీగ స్వభావం తక్కినవాటికి తలకిందులు. బ్రేకు స్విచ్ తీగ తెగితే బండి స్టార్ట్ కాదు, మనకు వెంటనే తెలుస్తుంది. కిల్ తీగ తెగితే బండి చక్కగా స్టార్టవుతుంది. పిల్లవాడు పడిపోయి తాడు ఊడినా ఇంజన్ మాత్రం ఆగదు. ఉప్పుగాలికి ఆ కప్లర్ లోపల తుప్పు పట్టినా అంతే. స్టార్ట్ అవుతున్న బండిని ఎవరూ మెకానిక్ దగ్గరికి తీసుకురారు గనక ఈ లోపం ఎన్నాళ్లయినా బయటపడదు.

మా వాడి బండికి కొత్త ఎర్త్ తీగ వేశాం. ఇంజన్ మీద అది ఆనే చోట పెయింటు గరుకు కాగితంతో గీకి, బోల్టు బిగించి, పైన గ్రీజు పూశాం. ఒక్క నొక్కుకే ఇంజన్ అందుకుంది. మీటరు 14 ఓల్టుల పైన చూపించడంతో చార్జింగు కూడా సరిగ్గా ఉందని తేలింది. మా వాడు అప్పుడే బండిని ఇసుకలోకి తోయబోయాడు. ఉండమన్నాను. ఇంజన్ నడుస్తుండగా తాడు లాగాం, ఆగింది. ఎర్ర స్విచ్ నొక్కాం, ఆగింది. బ్రేకు వదిలేసి బటన్ నొక్కితే సెల్ఫ్ తీసుకోలేదు. పక్కనున్న రెండో బండి తాడు లాగితే ఇంజన్ నడుస్తూనే ఉంది. దాన్ని ఆ పూట కిరాయికి పంపలేదు. సీటు విప్పి కిల్ కప్లర్ వెతకడం మొదలుపెట్టాం.