గయుడు లేని యుద్ధం

9 నవంబర్ 2024, శనివారం

మేనల్లుడు పొద్దున్నుంచి మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. రాత్రి మార్వెల్ వాళ్ల ‘సివిల్ వార్’ పూర్తి చేశాడట. 2006లో మొదలై 2007 ఫిబ్రవరిలో ముగిసిన ఏడు సంచికలు, అన్నీ కలిపి వేసిన పుస్తకం. “గెలుస్తున్నవాడు లొంగిపోవడమేంటత్తా? అంత తన్నుకుని, ఆఖర్న చేతులెత్తేస్తాడా కెప్టెన్?” ప్లేటులో ఇడ్లీ చల్లారిపోయింది, వీడి కోపం చల్లారలేదు.

ఈ కోపం కొత్తదేం కాదు. ఆ ఏడో సంచిక వచ్చిన రోజుల్లో అమెరికాలో పాఠకులు సరిగ్గా ఇదే అన్నారు. నేను చదివింది సినిమా వచ్చిన 2016లో, ఆఫీసులో ఒకావిడ దగ్గర అరువు పుచ్చుకుని. నాకూ ఒళ్లు మండింది.

కథగా చెప్పాలంటే పెద్దగా ఏం లేదు. టీవీ షో కోసం విలన్లను పట్టుకోబోయిన కుర్ర హీరోల వల్ల స్టాంఫర్డ్ అనే ఊళ్లో పేలుడు జరిగి, బడిపిల్లలతో సహా వందల మంది పోతారు. శక్తులున్నవాళ్లంతా ముసుగు తీసి, అసలు పేరు సర్కారుకు రాసిచ్చి, శిక్షణ తీసుకుని పనిచెయ్యాలని చట్టం వస్తుంది. ఐరన్ మ్యాన్ సరేనంటాడు, కెప్టెన్ అమెరికా ససేమిరా అంటాడు. చిక్కల్లా ఈ ఏడు సంచికల చుట్టూ అల్లిన మిగతా పత్రికలతోనే. అవి వంద దాకా ఉంటాయి. స్పైడర్‌మ్యాన్ మధ్యలో పక్షం ఎందుకు మార్చాడో ఈ పుస్తకంలో సగమే ఉంటుంది, తక్కిన సగం అతని సొంత పత్రికలో. నాలుగో సంచిక ఆలస్యమైతే, గుట్టు బయటపడుతుందని దానికి ముడిపడ్డ పత్రికలన్నీ ఆగి కూర్చున్నాయి. డబ్బు పెట్టి కొనేవాడికి చిర్రెత్తదా మరి!

భారతం ఉపకథలతో సహా నమిలి మింగిన జాతి మనది. చిక్కుముడి అంటే మనకు భయం లేదు. ముడిని ముక్కలుగా కోసి, ముక్కకింత అని అమ్మితేనే మంట.

12 నవంబర్, మంగళవారం

సాయంత్రం సమగ్ర కుటుంబ సర్వే చేసేవాళ్లు వచ్చారు. ఒక టీచరమ్మ, చేతిలో పొడుగాటి ఫారం. కులం, చదువు, ఉద్యోగం, అప్పులు, వలస అన్నీ అడుగుతున్నారు. మేనల్లుడు నా చెవిలో “రిజిస్ట్రేషన్ యాక్ట్, అత్తా” అన్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. దీపావళికి రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే ఉన్న నాన్న, “నా పేరు ఇక్కడ రాయకూడదమ్మా, నా రేషన్ కార్డు అక్కడుంది” అని గట్టిగా పట్టుబట్టారు. ఆవిడ మంచినీళ్లు తాగి, “మీది రాయన్లెండి” అంది.

వాళ్లు వెళ్లాక నాన్న “ఏంట్రా ఆ యాక్టు?” అని అడిగారు. వీడికి అంతకంటే ఏం కావాలి. కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి సంచిక నుంచి అందుకున్నాడు. నాన్న సగం వింటూ సగం పేపరు చూస్తున్నారు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి మిరియమ్ షార్ప్ చర్చి దగ్గర ఐరన్ మ్యాన్‌ని నిలదీసి మొహాన ఉమ్మేసిందని చెప్పగానే మాత్రం పేపరు పక్కన పడేశారు.

“ఉమ్మేసిందా? మరైతే ఇది గయోపాఖ్యానమేరా!”

సంధ్యవేళ కృష్ణుడు అర్ఘ్యం ఇస్తూ దోసిలి పట్టాడు. ఆకాశంలో పోతున్న గయుడనే గంధర్వుడి ఉమ్మి వచ్చి ఆ దోసిట్లో పడింది. గయుడికి కింద ఎవరున్నారో తెలియదు. కృష్ణుడు వాణ్ణి చంపి తీరతానని ప్రతిజ్ఞ పట్టాడు. గయుడు వెళ్లి అర్జునుడి కాళ్ల మీద పడ్డాడు. అర్జునుడు అభయమిచ్చేశాడు. ఇచ్చాక తెలిసింది, చంపుతానన్నది బావ అని.

మేనల్లుడు నోరు తెరుచుకుని విన్నాడు. వాడికి కృష్ణుడూ అర్జునుడూ ఎప్పుడూ ఒకే రథం మీద ఉండేవాళ్లు, అంతే.

15 నవంబర్, శుక్రవారం, కార్తీక పౌర్ణమి

తెల్లవారుజామునే నాన్న, నేను అంబీర్ చెరువు వైపు వెళ్లి దీపాలు వదిలి వచ్చాం. సాయంత్రం మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించాక బాల్కనీలో కూర్చుని నాన్న నాటకాల సంగతి ఎత్తారు. రాజమండ్రి మాట వస్తే ఆయన్ను ఆపలేం. గయోపాఖ్యానం రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు మా ఊరివారేనని, టంగుటూరి ప్రకాశం పంతులు కుర్రతనంలో ఆ నాటకంలో వేషం కట్టారని, పుస్తకం లక్ష ప్రతులు దాటి అమ్ముడైందని చెబుతారనీ. పుస్తకం వచ్చింది 1890 ప్రాంతంలో. అన్ని కాపీలు చదవడానికి కొన్నారా, పద్యాలు బట్టీపట్టి ఊరూరా ఆడడానికి కొన్నారా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

తన చిన్నప్పుడు పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవారని, నటుడు రాగం మళ్లీ మొదట్నుంచి ఎత్తుకునేవాడని చెప్పారు. చచ్చి పడున్న పాత్రధారి కూడా వన్స్ మోర్ పడితే లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం పాడి మళ్లీ చచ్చేవాడట.

“అచ్చం మా కామిక్సే తాతయ్యా!” అని గంతేశాడు మేనల్లుడు. యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, 2007 మార్చిలో, కెప్టెన్ అమెరికాను కోర్టు మెట్ల మీద కాల్చి చంపారు. చావు వార్త పేపర్లకెక్కింది. 2009లో ఆయన తిరిగి రావడం మొదలైంది. ఎవరు అరిచారో గానీ వన్స్ మోర్ పడింది.

16 నవంబర్, శనివారం

హైటెక్స్‌లో కామిక్ కాన్. హైదరాబాద్‌లో ఇది మొదలైంది 2013లో. ఈసారిది నిన్న మొదలైంది, రేపటితో ఆఖరు. వాడు ఒంటరిగా వెళ్లడం ఇష్టంలేక కాదు, నాకే చూడాలనిపించి వెంట వెళ్లాను. కొత్తగూడ సిగ్నల్ దాటేసరికే సగం ఓపిక అయిపోయింది.

లోపల సూపర్ హీరోల కన్నా జపాన్ బొమ్మల కథల వేషాలే ఎక్కువ. ఫోమ్ షీటుతో ఐరన్ మ్యాన్ కవచం చేసుకుని వచ్చిన ఒక అబ్బాయికి ఆ మోకాళ్లతో కూర్చోవడం కుదరక, నిలబడే ఉంటే స్నేహితురాలు చెంచాతో బిర్యానీ తినిపిస్తోంది. కవచం భుజం దగ్గర రంగు పెచ్చులూడి లోపల పసుపుపచ్చ ఫోమ్ కనపడుతోంది. మేనల్లుడు అతన్ని సూటిగా అడిగాడు, ‘సివిల్ వార్’లో నువ్వు ఎవరి పక్షమని. అతను నమలడం ఆపి, “ఈ డ్రెస్ వేసుకున్నా నేను క్యాప్ పక్షమే బ్రో. డ్రెస్ ఇది బాగుంటదని వేసుకున్నా” అన్నాడు.

నల్ల దుస్తుల స్పైడర్‌మ్యాన్ ఒకడు కనపడ్డాడు. ఆ నల్ల డ్రెస్సు ఆలోచన అసలు ఒక పాఠకుడిది. 1980ల మొదట్లో రాసి పంపితే, మార్వెల్ 220 డాలర్లిచ్చి కొనుక్కుంది. 1984లో ‘సీక్రెట్ వార్స్’ అనే పెద్ద కలగూర కథలో దాన్ని వాడుకుంది. తర్వాత ఆ గుడ్డలోంచే వెనమ్ పుట్టాడు, సినిమాలు పుట్టాయి. పాఠకుడి మాటకు కంపెనీలో ఉన్న రేటు అది.

17 నవంబర్, ఆదివారం

మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ చూశాం. ఆ గయుడి కథే. 1963, కె.వి.రెడ్డి. కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్ఆర్. అప్పట్లో ఈ ఇద్దరి అభిమానులకు పడేది కాదు. అలాంటి ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి బాణాలు వేయించాలి, ఒకరు ఓడితే హాల్లో కుర్చీలుండవు. దేవుళ్లు అడ్డుపడి యుద్ధం ఆపడం పురాణానికి ఎంత అవసరమో తెలియదు గానీ, బాక్సాఫీసుకు చాలా అవసరం.

మొన్న జూన్‌లో ‘కల్కి’ వచ్చినప్పుడు మా ఆఫీసు క్యాంటీన్లో రెండు వారాలు ఇదే గొడవ. కర్ణుణ్ణి ఎత్తడానికి అర్జునుణ్ణి తగ్గించారని ఒక బల్ల, కాదు కర్ణుడే గొప్పని ఒక బల్ల. ప్రభాస్ కర్ణుడు, విజయ్ దేవరకొండ అర్జునుడు అయ్యేసరికి ఎవరు వ్యాసుడి గురించి మాట్లాడుతున్నారో, ఎవరు హీరో గురించి మాట్లాడుతున్నారో తెలియలేదు.

సినిమా అయ్యాక నాన్న ఒక ప్రశ్న వేశారు: “మీ కథలో ఆ కెప్టెన్ ఎవరికి మాటిచ్చాడు?”

మేనల్లుడు తడుముకున్నాడు. నేనూ వెతికాను. ఐరన్ మ్యాన్‌కి ఉంది. ఆ ఉమ్మేసిన తల్లే తర్వాత తన పిల్లాడు ఆడుకున్న ఐరన్ మ్యాన్ బొమ్మను అతని చేతిలో పెడుతుంది. అతనేం చేసినా ఆ బొమ్మ బరువు అతని మీద ఉంది. కెప్టెన్‌కి? స్వేచ్ఛ అనే సిద్ధాంతం ఉంది. సిద్ధాంతం కాళ్ల మీద పడి ఏడవదు. గయుడు పడ్డాడు. సినిమాలో ధూళిపాళ ఆ భయంతో అర్జునుడి ముందు వణికిపోతుంటే, మాటివ్వకపోతే అర్జునుడు అర్జునుడే కాదనిపిస్తుంది.

ఇంకొకటి. అర్జునుడు ముందు మాటిచ్చాడు, శత్రువు పేరు తర్వాత విన్నాడు. ఆ వరుస ఒక్కటి తిరగేస్తే అతను బావ మీదికి ఎగబడ్డ పొగరుబోతు అయిపోతాడు. ఇద్దరు మంచివాళ్లను కొట్టుకునేలా చెయ్యాలంటే ఇద్దర్లో ఎవడి గుణమూ చెడకూడదు. చిలకమర్తివారి నాటకానికి ముందునుంచే మన కథకులకు ఆ కిటుకు తెలుసు. ‘సివిల్ వార్’లో ఎక్కువమంది పాఠకులు పట్టుకున్న లోపం ఇదే: యుద్ధం కావాలి గనక ఐరన్ మ్యాన్‌ని, అంటే టోనీ స్టార్క్‌ని, వంచారు. పాత మిత్రుల్ని వేరే లోకంలో జైలు కట్టి పడేస్తాడు, థార్‌కి నకలు తయారుచేయిస్తాడు. నిన్నటిదాకా చదివిన మనిషి ఇతనేనా అని అడిగారు పాఠకులు. ఆ అడగడంలో తప్పు లేదు.

మేనల్లుడు ఒప్పుకోలేదు. తల్లి బొమ్మ చేతిలో పెట్టాక మనిషి మారడా అంటాడు. వాడి మాటలో కూడా పస ఉంది. నాన్న ఇద్దర్నీ వదిలేసి, “మీ స్పైడర్‌మ్యానే సుభద్ర. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య నలిగాడు” అని కాఫీ అడిగారు.

21 నవంబర్, గురువారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. జేఎన్‌టీయూ దగ్గర అడుగు కదల్లేదు. ఇంట్లో నాన్న భూతద్దం పెట్టుకుని ‘సివిల్ వార్’ నాలుగో భాగం చూస్తున్నారు. ఇంగ్లిషు వస్తుంది గానీ, మాటల బుడగల్లో ఏది ముందు చదవాలో అర్థం కావట్లేదట. మేనల్లుడు పెన్సిలుతో 1, 2, 3 అని వేసిపెట్టాడు. అట్ట దగ్గర జిగురు వదిలేసి ఒక పేజీ ఊడి వచ్చేసింది, దాన్ని పంచాంగంలో దాచారు.

ఆయన ఆగిపోయింది బిల్ ఫోస్టర్ చావు దగ్గర. గోలియత్ అనే పేరుతో కొండంత పెరిగే మనిషి, నల్లజాతి శాస్త్రవేత్త. నకిలీ థార్ పిడుగుతో గుండెలో తూటు పొడుస్తాడు. చచ్చాక దేహం మళ్లీ మామూలు మనిషంత కాదు. అలాగే, అంత పొడవునా, గొలుసులతో గోతిలోకి దించుతారు. అంత పెద్ద యుద్ధంలో పేరున్న పెద్ద హీరోలందరికీ గీతలు పడతాయి, చచ్చేది మాత్రం ఇతను. పాఠకులు దీన్ని అప్పుడే అడిగారు, ఇప్పటికీ అడుగుతారు. నాన్నకు ఆ చర్చలేవీ తెలియవు. “పెద్దోళ్ల తగూలో పోయింది ఈయనొక్కడే. ఇతని ఇంట్లోవాళ్లు ఏమన్నారో రాశారా?” అన్నారు. ఈ ఏడింట్లో లేదు. పక్క పత్రికల్లో ఉందేమో చూడాలని మేనల్లుడు చెప్పాడు.

నిద్రకు ముందు వాడు ఇంకో సంగతి చెప్పి నాన్న నిద్ర చెడగొట్టాడు. 1988లో డీసీ వాళ్లు బ్యాట్‌మ్యాన్ శిష్యుడు జేసన్ టాడ్ బతకాలా చావాలా అని పాఠకుల చేత ఫోన్ ఓట్లు వేయించారు. చావాలని 5,343, బతకాలని 5,271. డెబ్భై రెండు ఓట్ల తేడాతో పిల్లాడు పోయాడు. “ఓటుకు డబ్బులు కూడా పాఠకుడివేనా?” అన్నారు నాన్న. అవును, కాల్‌కి యాభై సెంట్లు. “మా జనం లేచి పాడమనేవారు గానీ, చావమని ఎప్పుడూ అన్లేదురా.”

24 నవంబర్, ఆదివారం

మేనల్లుడు అబిడ్స్ ఫుట్‌పాత్ అంతా గాలించి ‘ఫ్రంట్ లైన్’ ఆఖరి సంచిక ఒకటి పట్టుకొచ్చాడు. విలేకరుల వైపు నుంచి చెప్పిన పక్క పత్రిక అది. అందులో శాలీ ఫ్లాయిడ్ అనే విలేకరి జైల్లో ఉన్న కెప్టెన్‌ని కడిగేస్తుంది: మైస్పేస్ తెలుసా, కారు రేసులు ఎప్పుడైనా చూశావా, నీకు ఈ దేశం గురించి ఏం తెలుసు అని. పాఠకులు ఏళ్ల తరబడి నవ్విన పేజీ. ఆ మైస్పేస్ ఏంటో ఇప్పుడు మేనల్లుడికి కూడా తెలియదు, ఆవిడ గెలిచిందో కెప్టెన్ గెలిచాడో అదొక్కటే చాలు చెప్పడానికి. ఇంతకీ బిల్ ఫోస్టర్ ఇంట్లోవాళ్లు అందులోనూ కనపడలేదు.

నాన్న ఏడో సంచిక ముగించారు. మామూలు మనుషులు, పేలుడు జరిగితే ముందు పరిగెత్తేవాళ్లు, కెప్టెన్ మీద పడి పట్టుకుంటారు. అప్పుడతను చుట్టూ కూలిన ఊరు చూసి ఆగిపోతాడు. మేనల్లుడికి మంట పుట్టించిన చోటే నాన్నకు నచ్చింది. “గయుడు ఇప్పుడొచ్చాడ్రా. కాకపోతే కాళ్లు పట్టుకోకుండా నడుం పట్టుకున్నాడు. చాలా ఆలస్యంగా తెచ్చారు, మొదట్లో తేవాల్సింది.” వాడు అరగంట వాదించాడు. ఇద్దరూ తగ్గలేదు. నేను పప్పు తాలింపు వేస్తూ విన్నాను, తీర్పు చెప్పమంటే చెప్పలేదు.

తర్వాత నాన్న కెప్టెన్ చావు ఏ పేజీలో ఉందని వెతికారు. ఇందులో లేదు తాతయ్యా, అది ఆయన సొంత పత్రిక ఇరవై అయిదో సంచికలో అన్నాడు వీడు.

“యుద్ధంలో చావనివాణ్ణి యుద్ధం అయ్యాక వేరే పుస్తకంలో చంపారా? అది విడిగా కొనాలా?”

“కొనాలి.”

“బతికించింది?”

“అది ఇంకో పుస్తకం.”

కార్తీకం అయిపోగానే ఆయన ప్రయాణం. ఈలోగా రెండూ తెమ్మని జేబులోంచి వెయ్యి రూపాయలు తీసి వాడి చేతిలో పెట్టారు. కొత్తవైతే వెయ్యికి ఒకటి కూడా రావడం కష్టమని వాడు వంటింట్లోకి వచ్చి నాతో చెప్పాడు.