చద్దిమూట తేని పిల్లలు

ప్రతి సంవత్సరము మాఘమాసమున మా పాఠశాలకు ఛాయాచిత్రకారుడు వచ్చును. విద్యార్థులను మూడు వరుసలుగా నిలిపి, ఉపాధ్యాయులను నడుమ కుర్చీలలో కూర్చుండబెట్టి, ఒక పటము తీయించుట ఆచారము. నాలుగేండ్ల క్రిందట అట్టి దినముననే యొక బాలుడు భుజమువద్ద చినిగిన చొక్కాతో వచ్చి ముందువరుసలో నిలిచెను. మేము వానిని చేయిపట్టి తీసికొనిపోయి వెనుకవరుసలో పొడుగుపాటి పిల్లల చాటున నిలిపితిమి. వాడు మాఱుమాట యాడలేదు. పటము చక్కగా వచ్చినదని యందఱును సంతసించిరి, మేమును సంతసించితిమి. ఆ సంగతినిగూర్చి మరల తలంచుటకు మాకు వేఱొక దేశపు చిత్రము కావలసివచ్చెను.

జపానుదేశపు ఛాయాచిత్రకారుడైన డోమోన్ కెన్ తీసిన చిత్రముల సంపుటము నొకదానిని ఇటీవల యొక మిత్రుని యింట చూచితిమి. అందొక చిత్రము తరగతిగదిలోనిది. మధ్యాహ్నభోజనవేళ. పిల్లలు తమతమ బల్లలయొద్దనే యింటినుండి తెచ్చుకొన్న యన్నము తినుచున్నారు. వారి నడుమ, ఏమియు తేని పిల్లలు తలవంచుకొని బొమ్మలపుస్తకము చూచుచున్నారు. ఆకలిగొన్న బిడ్డ పొరుగువాని యన్నమువైపు చూడకుండుటకై ఎంత శ్రద్ధతో చదువునో మా వృత్తిలో నున్నవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ పుటను మేము త్రిప్పలేకపోతిమి.

డోమోన్ 1909వ సంవత్సరమున ఉత్తర జపానునందలి సకాతా యను రేవుపట్టణమున జన్మించెను. వర్ణచిత్రకారుడు కావలెనని యాతని తొలికోరిక. ఇంటి లేమిడివలన అది సాగక, 1933లో టోక్యోనగరమున నొక ఛాయాచిత్రశాలలో శిష్యుడుగా చేరెను. రెండేండ్లకు నిప్పోన్ కోబో యను సంస్థలో పనికి కుదిరెను. జపాను సంస్కృతిని విదేశీయులకు సొంపుగా చూపుట ఆ సంస్థవారి పని. అనగా, మేము మా పాఠశాలలో చేసినదే దేశమంతటికి చేయుట. అయినను ఆ దినములలోనే, 1939లో, నారా ప్రాంతపు కొండలలోని మురోజి యను బౌద్ధాలయమును ఆతడు మొదటిసారి దర్శించెను. దాని మాట ముందు వచ్చును.

యుద్ధానంతరము ఆతని దృష్టి మాఱెను. 1950 మొదలుకొని 'కెమెరా' యను మాసపత్రికలో, పాఠకులు పంపు చిత్రములను పరీక్షించి మంచిచెడ్డలు చెప్పు పనిని పూనెను. మనుష్యులను కోరినట్లు నిలిపి తీయరాదనియు, ఉన్నదానిని ఉన్నట్లు పట్టవలెననియు ఆతని బోధ. శిష్యులు గురువును మించిరి కాబోలు, ఊరూర బిచ్చగాండ్రను వెదకి తీయజొచ్చిరి. ఇది బిచ్చగాండ్ర ఛాయాచిత్రకళ యని విమర్శకు లెగతాళి చేసిరి. ఎగతాళిలో కొంత నిజము లేకపోలేదు.

1957లో ఆతడు హిరోషిమాకు వెళ్లెను. అణుబాంబు పడి అప్పటికి పండ్రెండేండ్లు. తాను హిరోషిమాను మఱచుట కాదు, అసలెఱుగనే యెఱుగనని యాతడు ఒప్పుకొనెను. కాలినచర్మమునకు శస్త్రచికిత్స చేయించుకొనుచున్న వారిని దగ్గఱనుండి తీసి 1958లో గ్రంథముగా వెలువరించెను.

మేము చూచిన తరగతిగది క్యూషూ ద్వీపమందలి చికుహో బొగ్గుగనుల సీమలోనిది. భూతైలము వచ్చి బొగ్గును వెనుకకు నెట్టగా గనులు మూతపడెను; కూలీలకు పని లేకపోయెను. 1959 చివర ఆతడు అక్కడికి పోయి, తీసినవానిని మఱుసటి జనవరిలోనే 'చికుహో పిల్లలు' అను పుస్తకముగా ప్రకటించెను. నునుపు కాగితముపై తన చిత్రములు మెఱయవలెనని యే చిత్రకారుడు కోరడు? ఇతడు మాత్రము ముతకకాగితముపై అచ్చువేయించి వెల నూఱు యెన్నులకు దింపెను. చేతితో చుట్టచుట్టి పట్టుకొనదగిన పుస్తకము, పేదవాడును కొనదగిన పుస్తకము కావలెనని యాతని కోరిక. దాదాపు లక్ష ప్రతులు అమ్ముడుపోయెను. అందు తల్లి విడిచిపోయిన యిద్దఱు అక్కచెల్లెండ్ర చిత్రములున్నవి. కొలదికాలమునకే వారి తండ్రియు మరణింపగా, ఆ యేటనే వారినిగూర్చి రెండవ పుస్తకమును వెలువరించెను. ఒకసారి చూచి వచ్చి మఱచినవాడు కాడని దీనివలన తెలియుచున్నది.

మాకొక సందేహము మాత్రము తీఱలేదు. ఆ పిల్లలు తమ లేమిని బొమ్మలపుస్తకముతో దాచుకొనిరి. దాచుకొన్నదానిని లోకమునకు చూపుట న్యాయమా? ఈ ప్రశ్నను మా యింట నడుగగా మా యిల్లాలు, "మీరు దాచినది ఆ పిల్లవాని సిగ్గునా, మీ బడి సిగ్గునా?" అనెను. ఆమెకు ఆనాటి చొక్కా సంగతి మేము చెప్పియుంటిమి. ప్రత్యుత్తరము తోచలేదు. పాఠశాల కచ్చేరిగదిలో ఆ పటము నేటికిని వ్రేలాడుచున్నది. వెనుకవరుసలో వాని నుదురు మాత్రము కనబడును.

చికుహో చిత్రముల కాలమునందే డోమోన్‌కు మెదడులో రక్తనాళము చిట్లి పక్షవాతము వచ్చెను. చేతికెమెరాతో పరుగెత్తి తీయుట కష్టమయ్యెను. అందుచే పెద్దకెమెరాను ముక్కాలిపై నిలిపి, ప్రాచీనదేవాలయములను, విగ్రహములను తీయ నారంభించెను. ఆ చిత్రములు 1963 మొదలు 1975 వఱకు అయిదు సంపుటములుగా వెలువడెను. నడుమ 1968లో రెండవసారి దెబ్బ తగిలి చక్రపుకుర్చీ పాలయ్యెను. అయినను శిష్యులు మోసికొనిపోగా మెట్లెక్కి పనిచేసెను. మురోజి ఆలయమును మంచులో చూడవలెనని యెన్నియో యేండ్లనుండి యాతని కోరిక. 1978లో, ఆలయమున కెదుటి సత్రములో కాచుకొనియుండగా, ఒక వేకువజామున మంచు కురిసెను. సత్రపు ఇల్లాలు పరుగున వచ్చి యాతని కెఱిగించెను. ఇరువురును కన్నీరు కార్చిరట. ఆ యుదయమున తీసిన చిత్రములు మిగిలియున్నవి.

మఱుసటి యేట మూడవదెబ్బ తగిలి స్మృతి తప్పెను. తన చిత్రముల నన్నిటిని ఆతడు అంతకుముందే జన్మస్థలమగు సకాతాకు సమర్పించియుండెను. ఆ పట్టణమువారు 1983లో వానికై ప్రదర్శనశాలను కట్టి తెఱచిరి. ఆ దినమున ఆతడు వైద్యశాలలో తెలివిలేక పడియుండెను. 1990లో మరణించువఱకు ఆ సంగతి యాతనికి తెలియలేదు.