సీసా చైనాది, రూపం ఎక్కడిదో!

సూర్యాపేటలో బస్సు ఆగితే చాయ్ తాగుతూ ఫోన్ చూస్తున్నా.
ఒక ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది.

1400ల మొదట్లో, మింగ్ చక్రవర్తి యుంగ్లో కాలంలో చింగ్‌దజెన్ బట్టీల్లో కాల్చిన పింగాణీ సీసా. తెలుపు మీద నీలం తీగలు. చందమామలా గుండ్రంగా, చదునుగా ఉన్న పొట్ట, సన్నటి మెడ, దానికి రెండు చెవులు.

చూడగానే అచ్చం చైనాదే అనుకుంటాం కదా?
ఆ రూపం పశ్చిమాసియాది! సిరియా వైపు లోహంతో, గాజుతో, మట్టితో చేసుకున్న సీసాల నుంచి వచ్చింది. నీలం రంగుకు కావాల్సిన కోబాల్ట్ కూడా ఇరాన్ వైపు నుంచే వచ్చింది.

ఫొటో పెద్దది చేసి చూడండి. తీగల మీద అక్కడక్కడ నల్లటి మచ్చలు. రంగు మందంగా పడ్డచోట అందులోని ఇనుము అలా తేలింది. నాకు పూలకన్నా ఆ మచ్చలే నచ్చాయి.

ఈ రాకపోకల్లో మనమూ ఉన్నాం. అది ఈ సీసాకన్నా ముందటి మాట, సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి గుళ్లు వెలసిన కాకతీయుల కాలం. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే పాత పద్ధతి మాని, సుంకం మాత్రమే తీసుకుంటానన్నాడు. ఎంత పెద్ద మనసు! అదే మోటుపల్లి తవ్వకాల్లో చైనా పాత్రల పెంకులు దొరికాయి.

కోదాడ, మిర్యాలగూడ మిత్రులారా, మీ ఇళ్లలో అమ్మమ్మల నాటి పింగాణీ జాడీలు, పళ్లేలు ఉన్నాయా? కామెంట్లో ఫొటో పెట్టండి. అడుగున ముద్ర ఉంటే అది కూడా తీయండి, ఎక్కడిదో కలిసి వెతుకుదాం.