మా ఊరాయన

పోయిన నెల ఓ శనివారం రాత్రి మా పేపర్ దోస్తులం నలుగురం కూర్చుని, ఎవరెవరం ఎక్కడెక్కడ ఏయే కచేరీలు చూశామో చెప్పుకున్నాం. ఒకడు రెహమాన్ షో అన్నాడు. ఇంకొకడు బెంగుళూరు వెళ్ళి మరీ చూసిన రాక్ బ్యాండు సంగతి చెప్పాడు, టికెట్టు ధరతో సహా. నా వంతొచ్చింది. హైదరాబాదులో విన్న ఖవ్వాలీల గురించి చెప్పా. "అది సరే, నువ్వు చూసిన ఫస్ట్ బ్యాండు ఏది?" అని అడిగారు. జవాబు నోటిదాకా వచ్చింది. మింగేశా. పాతికేళ్ళ పైనుంచీ మింగుతూనే ఉన్నా.

అందుకని ఇక్కడ రాస్తున్నా. ఇది చదివేవాళ్ళలో మా బిరాదరీవాళ్ళు కూడా ఉన్నారు. మాఫ్ చేయండి.

మాది వడ్లమూడి. గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. ఇప్పుడు ఆ పేరు చెబితే జనం విజ్ఞాన్ యూనివర్సిటీ అంటారు, సంగం డెయిరీ అంటారు. నా చిన్నప్పుడు మా పిల్లలకు మాత్రం క్వారీ తిరునాళ్ళే గొప్ప. శివరాత్రికి ప్రభలొచ్చేవి. కర్రలతో ఎత్తుగా చట్రం కట్టి, దాన్నిండా రంగు బల్బులు పెట్టి, వెనక జనరేటరు, ముందు చెక్కల స్టేజీ. ఆ స్టేజీ మీద పాటకచేరీ. ఒక మైకులో ఎన్టీఆర్ పాట, పక్క మైకులో చిరంజీవి పాట. మధ్యలో నిలబడితే రెండూ కలిసిపోయి ఇంకేదో మూడో పాట వినపడేది. నేను అబ్బా భుజాల మీద కూర్చుని చూసేవాణ్ణి. నమాజు తప్పని మనిషి, శివరాత్రికి కొడుకుని తిరునాళ్ళకు తీసుకెళ్ళేవాడు. అప్పట్లో ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు.

కానీ పాటకచేరీ మొదలయ్యే ముందు ఊళ్ళోంచి ప్రభను నడిపించుకొచ్చే బ్యాండు మేళం రాగానే అబ్బా మొహం తిప్పుకునేవాడు. ఆ మేళంలో ముందు నిలబడి క్లారినెట్ వాయించేది అమ్మీ తమ్ముడు.

అమ్మీ వాళ్ళు దూదేకులవాళ్ళు. నూర్‌బాషాలు. దూది ఏకే పని పోయాక ఆ కుటుంబాల్లో చాలామంది సన్నాయి పట్టారు, డోలు పట్టారు. మా తాత గుళ్ళో సన్నాయి వాయించేవాడు. వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగు. అబ్బా వాళ్ళది ఉర్దూ జబాన్. అబ్బాకి తెనాలిలో టైలర్ షాపుండేది. బ్యాండువాళ్ళ ఎర్రకోట్లు కుట్టడానికి కొలతలని తాతగారింటికి వెళ్ళి, అక్కడ అమ్మీని చూశాడు. ఆ పెళ్ళి ఎలా జరిగిందనేది పెద్ద కిస్సా. అబ్బా తరఫువాళ్ళు రెండేళ్ళు గడప తొక్కలేదట. ఖైర్, నాకు అర్థమయ్యే వయసొచ్చేసరికి ఇంట్లో ఒక ఒప్పందం లాంటిది ఉండేది. అమ్మీ పుట్టింటికి వెళ్ళొచ్చు, వాళ్ళూ రావచ్చు, కానీ పిల్లవాడు మాత్రం ఉర్దూలో చదవాలి. నా కొడుకుని ఎవరూ దూదేకులవాడు అనకూడదు అనేవాడు అబ్బా. అందుకే పొద్దున్నే బస్సెక్కించి గుంటూరులో ఉర్దూ మీడియం బడికి పంపేవాడు.

బడిలో తెలిసిపోయింది. ఇలాంటివి ఎలా తెలుస్తాయో ఖుదాకే ఎరుక. ఓ పిల్లవాడు నన్ను "పింజారీ" అన్నాడు. దూది ఏకేవాడని దాని అర్థం. తెలుగులో అది తిట్టు కూడా. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత నా ఉర్దూని మిగతావాళ్ళకన్నా నున్నగా మాట్లాడటం నేర్చుకున్నా. ఖాఫ్ ఎక్కడ పలకాలో, ఐన్ ఎక్కడ పలకాలో అద్దం ముందు రియాజ్ చేశా.

మామ నన్ను "అల్లుడూ" అని పిలిచేవాడు. నేను "మామూ" అనేవాణ్ణి. "మావయ్యా అనరా, ఏందా మామూ గీమూ, చెవికి చల్లగా లేదు" అని నవ్వేవాడు. ఆయనకు పంచాంగం కంఠోపాఠం. ఎప్పుడు మూఢం వస్తుందో, ఎప్పుడు పోతుందో, మాఘంలో ఎన్ని ముహూర్తాలున్నాయో ఊరి పంతులుగారికంటే ముందు మామ చెప్పేవాడు. మూఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఆ నెలల్లో వాళ్ళింట్లో కూర కూడా పలచనే. రంజాన్‌లో ముహూర్తాలు పడితే రోజా ఉండి వాయించేవాడు. క్లారినెట్ రీడు తడి లేకపోతే పలకదు. నోట్లో పెట్టుకుని తడపాలి. అది రోజాకు పనికొస్తుందా, రాదా? ఓ మౌల్వీ సాబ్‌ని అడిగితే, "రీడు సంగతి తర్వాత, ముందు వాయించడమే మానెయ్" అన్నాడట. మామ మానలేదు. రీడుని గ్లాసు నీళ్ళలో నానబెట్టుకుని వెళ్ళేవాడు.

వాళ్ళింట్లో గోడకి ఒక ఫొటో ఉండేది, పేపర్లోంచి కత్తిరించింది. షేక్ చిన మౌలానా. సన్నాయి అనగానే మనవాళ్ళు బిస్మిల్లా ఖాన్ అంటారు, కాశీ దాకా వెళ్ళిపోతారు. అంతదూరం అక్కర్లేదు. చిన మౌలానా 1924లో ఒంగోలు పక్కన కరవదిలో పుట్టాడు. చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నాడు. అక్కణ్ణుంచి తంజావూరు బాణీ మీద షౌక్‌తో తమిళనాడు వెళ్ళి, శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి ఏడాదే పోయాడు. రేడియోలో ఆయన నాదస్వరం వస్తే మామ తింటున్న అన్నం వదిలేసి కూర్చునేవాడు. తనకూ సన్నాయే ఇష్టం. కానీ సన్నాయికి గుడి ఇచ్చేది బియ్యం, క్లారినెట్‌కి పెళ్ళివాళ్ళు ఇచ్చేది డబ్బు. నలుగురు పిల్లలు. క్లారినెట్ పట్టాడు.

నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నా. అబ్బాకి అది నచ్చలేదు. ఇంతా చేసి మళ్ళీ అటే పోతున్నానని ఆయన బాధ. నాకైతే పద్యం వినగానే ఏదో తెలిసిన గొంతులాగుండేది. తాతగారింట్లో విన్న తెలుగే కదా.

1999 ఎండాకాలం. క్లాస్‌మేట్ అన్న పెళ్ళికి తెనాలి వెళ్ళాం, ఏడెనిమిది మందిమి. రాత్రి ఊరేగింపు. ట్యూబులైట్లు మోసేవాళ్ళు రెండు వరసలు, మధ్యలో బ్యాండు, వెనక కారులో పెళ్ళికొడుకు. మావాళ్ళు బ్యాండు ముందు గంతులేస్తున్నారు. ఒకడు పదిరూపాయల నోటు నోట్లో పట్టుకుని వంగాడు, క్లారినెట్ ఆయన కూడా వాయిస్తూ వంగి, దాన్ని చేత్తో అందుకోవాలి. అదొక ఆట. వంగి లేచిన మనిషి మామ. ఎర్రకోటు, చంకల కింద చెమట. ఆ కోటు కుట్టింది అబ్బా.

నన్ను చూశాడు. కళ్ళు మెరిశాయి. వాయింపు ఆపకుండానే క్లారినెట్ ఇంత పైకెత్తి, నా వైపు తల ఊపాడు. పక్కనున్న దోస్తు అడిగాడు, "ఏరా, నీకు తెలుసా?"

"మా ఊరాయన" అన్నా.

అంత గోలలో ఆయనకు వినపడిందా? వినపడలేదనే అనుకున్నా. క్లారినెట్ వాయించేవాళ్ళకు ఎదుటివాడి పెదాలు చదవడం అలవాటని చాలా ఏళ్ళ తర్వాత ఆయన నోటే విన్నా. డ్రమ్ముల మధ్య ఏ పాటో చెప్పుకోవాలంటే అదొక్కటే దారి అట.

ఆ తర్వాత మామ నన్ను ఒక్క మాటా అనలేదు. ఇంటికెళ్తే అదే "అల్లుడూ", అదే నవ్వు. కానీ బజార్లో, ఊరేగింపులో ఎక్కడ ఎదురైనా ఆయనే మొహం అటు తిప్పుకునేవాడు. నాకు కష్టం కలగకుండా. నా ఇజ్జత్‌ని ఆయన కాపాడాడు.

నేను జర్నలిస్టునయ్యా. హైదరాబాదులో పనిచేసిన రోజుల్లో వార్సీ బ్రదర్స్‌ని విన్నా. వాళ్ళ తాత అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పేరు మోసిన ఖవ్వాల్. ఖుస్రో కలాం ఎత్తుకుంటే మెహఫిల్ మొత్తం ఊగింది. నేనూ దాద్ ఇచ్చా. వచ్చేశాక మూడు రోజులు ఏం రాసినా ఆ లయలోనే వచ్చింది. కడప అమీన్ పీర్ దర్గా ఉరుసుకు వెళ్ళా. ఎవరో నోట్లు విసిరారు. ఖవ్వాల్ ముందు పడే నోట్లు నాకు అదబ్‌లాగే కనపడ్డాయి, తెనాలిలో క్లారినెట్ ముందు ఊగిన నోటులాగా కనపడలేదు. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతుల నాదస్వరం కూడా విన్నా. చిన మౌలానా షాగిర్దులు. ఒకరు శ్వాస తీసుకునే జాగాలో ఇంకొకరు అందుకుంటుంటే, ఎక్కడ ఎవరు ఆగారో తెలియలేదు. 2020లో వాళ్ళకు పద్మశ్రీ వచ్చింది. అప్పుడు నేనో వ్యాసం రాశా. ముసల్మానుల నాదస్వరం, రాములవారి గుడి, గంగా జమునీ తెహజీబ్, అన్నీ పెట్టి. బుర్రకథ నాజర్ని కూడా తెచ్చా. పొన్నెకల్లు మనిషి, 1986లో పద్మశ్రీ, తన జీవితకథకు "పింజారి" అనే పేరు పెట్టుకున్నాడు. డిగ్రీలో ఆ అట్ట మొదటిసారి చూసినప్పుడు చెవులు వేడెక్కాయి నాకు. బడిలో నన్ను అన్న మాట పుస్తకం మీద అంతేసి అక్షరాల్లో ఉంది. వ్యాసానికి మంచి పేరొచ్చింది. ఎడిటర్ మెచ్చుకున్నాడు. అందులో మా ఇంటి మనిషి గురించి ఒక్క వాక్యం లేదు.

అమ్మీ ఆ పేపరు మామకు చూపించిందట. "బాగా రాశాడక్కా" అన్నాడట. అంతే.

బ్యాండ్లు అప్పటికే పోయాయి. ముందు క్యాసియోని తోపుడుబండి మీద పెట్టుకుని తిప్పారు, తర్వాత డీజే వచ్చింది. ఒక్క బండి, నాలుగు పెట్టెలు, ఒక కుర్రాడు. పదిహేనుమంది పని అయిపోయింది. మామ చిన్నకూతురి నికాకి బ్యాండు లేదు. పెళ్ళిలో బాజాలుంటే రామని జమాత్ పెద్దలు ముందే చెప్పారు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు నడిపించిన మనిషి, కూతురిని ఖామోష్‌గా సాగనంపాడు. నేను ఆ రోజు ఆయన పక్కనే ఉన్నా. చేతివేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి.

దోస్తులతో కూర్చున్న ఆ రాత్రి తర్వాత ఊరికి వెళ్ళా. మామకు డెబ్భై దాటాయి. సాయంత్రం డాబా మీద కూర్చున్నాం. ఎక్కడో మైకులో పెద్ద బేసు మోగుతోంది. విజ్ఞాన్‌లో ఏటా మహోత్సవ్ జరిగినప్పుడు కూడా ఇలాగే వినపడుతుందట, మామ డాబా మీదకెక్కి చివరిదాకా వింటాడట. "పిల్లలు బాగా వాయిస్తార్రా. పాడేవాళ్ళే, అప్పుడప్పుడు శృతి కిందికి జారతారు" అన్నాడు.

క్లారినెట్ ఉందా అని అడిగా. అత్త బీరువా మీంచి పెట్టె దించింది. తెరిస్తే లోపల వెల్వెట్ గుడ్డ ఎలుకలు కొరికేశాయి. ముక్కలు బిగించాడు. "ఒక్కటి వాయించు మావయ్యా" అన్నా. మావయ్యా అని ఆయన్ని పిలవడం అదే మొదటిసారి. ఆయన పట్టించుకున్నట్టు లేదు, లేక పట్టించుకోనట్టు ఉన్నాడో. పైపళ్ళు చూపించాడు. ముందువి రెండూ లేవు. మౌత్‌పీస్ మీద పైపళ్ళు ఆనించాలి, అవి లేకపోతే గాలి పక్కకు పోతుంది. పెట్టుడు పళ్ళతో ఒకసారి ప్రయత్నించాడట, అవి ఊడి ఒళ్ళో పడ్డాయని నవ్వాడు.

అయినా ఒళ్ళో పెట్టుకున్నాడు. నోటికి ఎత్తకుండా వేళ్ళు మాత్రం కదిలించాడు. మూతలు పడే చప్పుడు, టక్కుటక్కుమని. ఎప్పుడూ ఆయన్ని ఒంటరిగా విననేలేదు నేను. ఎప్పుడూ చుట్టూ డ్రమ్ములుండేవి, జనాలుండేవి.

"తెనాలి పెళ్ళిలో..." అని మొదలుపెట్టా.

"ఏ పెళ్ళి? ఎన్ని వాయించానో, యాదిలో ఉంటాయా" అన్నాడు, వేళ్ళు ఆపకుండా. కాసేపటికి క్లారినెట్ ముక్కలు విడదీసి, పాతలుంగీతో తుడిచి, పెట్టెలో సర్దాడు. కొక్కెం వేస్తూ అడిగాడు, "అల్లుడూ, మీ పేపర్లో వేస్తారుగా. ఈసారి మూఢం ఎప్పుడు పోతుందో చూసి చెప్పు."