సుబ్బి ఎక్కడ?

అమ్మమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు పుస్తకం పట్టుకోవద్దన్నారు. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి రాత్రిళ్ళు నేనే చదివి వినిపించేవాణ్ణి. కన్యాశుల్కం ఎంచుకోవడంలో మాత్రం నా స్వార్థం ఉంది. నాటకాల్లో హాస్యం మీద వ్యాసం రాద్దామని అప్పటికే నోట్స్ పెట్టుకున్నాను. భరతుడు చెప్పిన ఆరు రకాల నవ్వులు, స్మితం నుంచి అతిహసితం దాకా. తను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ణి నవ్విస్తే పరస్థం. ఇంజనీరు బుద్ధి, ఏదైనా ఎక్సెల్ షీట్లో పెడితేగానీ బుర్రకెక్కదు. అమ్మమ్మ నవ్వు ఏ గడిలో పడుతుందో చూద్దామనుకున్నాను.

గిరీశం నోరు విప్పినప్పుడల్లా నవ్వింది. పూటకూళ్ళమ్మకి భయపడి మంచం కింద దాక్కునే చోట కళ్ళు తుడుచుకోబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. అతిహసితమే, అనుమానం లేదు.

తర్వాత కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టే భాగం వచ్చింది. అక్క కూతురు సుబ్బిని ఆ పెళ్ళి నుంచి తప్పించడానికి వేసిన ఎత్తు. పెళ్ళికూతురు మగపిల్లాడని మనకి తెలుసు, పెళ్ళికొడుక్కి తెలీదు. పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ నాటకీయ వ్యంగ్యం. నేను గొంతు మార్చి మరీ చదివాను.

అమ్మమ్మ నవ్వలేదు.

"ఇంతకీ సుబ్బి ఎక్కడుందిరా? ఆ పిల్ల మాట్లాడదా?"

పేజీలు వెనక్కి తిప్పాను. ఆ పిల్ల పెళ్ళి గురించి అందరూ మాట్లాడతారు, తల్లి నూతిలో దూకబోతుంది. ఆ పిల్ల అన్న మాట ఒక్కటీ నాకు గుర్తుకు రాలేదు. ఈ నాటకాన్ని నాలుగుసార్లు చదివినవాణ్ణి!

నవ్వు పుట్టించే లోపం నొప్పి కలిగించకూడదన్నాడు అరిస్టాటిల్. హాస్యనాటకంలో వేసుకునే ముసుగుని ఉదాహరణగా చూపించాడు: వంకరగా ఉంటుంది కానీ బాధ ఉండదు. మహేశం ఆడవేషం అచ్చం ఆ ముసుగే. ముసలాడి పక్కన పీటల మీద సుబ్బే కూర్చుంటే ఎవరు నవ్వగలరు? గురజాడ ఆ పిల్లని పక్కకి తప్పించి, ఏ హానీ జరగని మగపిల్లాణ్ణి కూర్చోబెట్టాడు. షేక్స్పియర్ దగ్గర ఆడపిల్లలు మగవేషం వేస్తే చివరికి పెళ్ళిళ్ళవుతాయి. ఇక్కడ మగపిల్లాడు ఆడవేషం వేస్తే పెళ్ళి తప్పుతుంది. 1892లో మొదటిసారి ఆడినప్పుడు విజయనగరం ప్రేక్షకుల్లో ఎంతమంది ఇళ్ళల్లో సుబ్బిలు ఉండి ఉంటారో! వాళ్ళు నవ్వాలంటే ఆ వేషం కావాల్సిందే.

ఇదంతా అమ్మమ్మకి ఉత్సాహంగా చెప్పాను. సాంతం విని, "మా మేనత్తకి తొమ్మిదో ఏట చేశారు. పదకొండో ఏటికి మాసిపోయాడు. వెనక గదిలోనే ఉండేది ఎప్పుడూ. ఆవిడకి ఏ కరటకశాస్త్రీ రాలేదురా" అంది.

ఆవిడ పేరేంటని అడిగాను. అమ్మమ్మ చాలాసేపు ఆలోచించింది.

"అందరం అత్తా అనే పిలిచేవాళ్ళం... సర్లే, చదువు. ఆ గిరీశంగాడు ఏం చేస్తున్నాడు?"