పేరు లేని బైట్లు

సీ భాషలో ఒక స్ట్రక్చర్: ముందు ఒక చార్, తర్వాత ఒక డబుల్, చివర మరో చార్. 1, 8, 1 కలిపితే 10 బైట్లు. మామూలు 64 బిట్ యంత్రం మీద సైజాఫ్ అడిగి చూడండి, 24 అంటుంది. డబుల్ 8తో నిశ్శేషంగా భాగించగల అడ్రసు మీదే కూర్చోవాలి కాబట్టి దాని ముందు 7 బైట్లు వదిలేస్తుంది కంపైలర్. చివర ఇంకో 7. అలాంటి స్ట్రక్చర్లను వరసగా పేర్చినప్పుడు రెండోదాని డబుల్ కూడా సరైన చోటే పడాలి కదా! డబుల్‌ని ముందుకు తెస్తే 16తో సరిపోతుంది.

రస్ట్ కంపైలర్ ఇలాంటి సర్దుబాటు తనే చేసుకుంటుంది, వద్దంటే మనమే చెప్పాలి. సీ మాత్రం రాసినవాళ్ల వరసను ముట్టుకోదు. నాకు ఈ పద్ధతే ఇష్టం. వరస నాదైనప్పుడు దాని ఖరీదూ నా కళ్లముందే ఉంటుంది.

ఇక అడ్రసు పట్టింపు సంగతి. సీ పెరిగిన పీడీపీ-11 మీద బేసి అడ్రసు నుంచి రెండు బైట్ల పదం చదవబోతే యంత్రం ఆగి ఫిర్యాదు చేసేది. ఇప్పటి ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు ఓర్చుకుంటాయి. ఓర్చుకోని చోట్ల కోసం సీ 2011 ప్రమాణం అలైనాస్‌ని ఇచ్చింది. దానితో అలైన్‌మెంట్‌ను, అంటే అడ్రసు ఎంతతో భాగించబడాలన్న నియమాన్ని, పెంచగలం కానీ తగ్గించలేం. తగ్గించాలంటే కంపైలర్లు సొంతంగా ఇచ్చే ప్యాక్డ్ ఉంది. నేను దాని జోలికి అరుదుగా పోతాను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి ఆ వదిలేసిన బైట్లే. ఖాళీ అంటాం గానీ వాటిలో ఏదో ఒకటి ఉంటుంది. అంతకుముందు ఆ చోటును వాడుకున్న ఫంక్షన్ మిగిల్చిన ముక్కలు, ఒక్కోసారి మెమరీ అడ్రసులు. ఫీల్డులన్నీ సమానంగా ఉన్న రెండు స్ట్రక్చర్లను, బైట్లను పోల్చే మెమ్‌కంప్ వేరని చెప్పేది వీటివల్లే. అంతకన్నా పెద్ద ప్రమాదం కెర్నల్లో ఉంది. పేరున్న ఫీల్డులన్నీ శ్రద్ధగా నింపి స్ట్రక్చర్‌ను యూజర్ ప్రోగ్రామ్‌కి కాపీ చేస్తే, పేరులేని బైట్లు కూడా వెంటపోతాయి. దాచవలసిన కెర్నల్ సమాచారం అలా బయటికి కారిపోతుంది. రాసినవాళ్ల కోడులో ఒక్క పంక్తీ తప్పుగా కనిపించదు.

అందుకే లైనక్స్‌లో అలాంటి స్ట్రక్చర్లలోని ఖాళీకి ప్యాడ్ అనో, రిజర్వ్డ్ అనో పేరుపెట్టి ఫీల్డుగా రాస్తారు. నాకు ఎంతో నచ్చిన అలవాటిది. పేరు వచ్చాక దాన్ని నింపే బాధ్యతా వస్తుంది. ప్రోగ్రాములు కెర్నల్‌కి స్ట్రక్చర్లు పంపే చాలా సిస్టమ్ కాల్స్‌లో ఆ ఫీల్డులో సున్నా లేకపోతే కెర్నల్ అభ్యర్థనను తిప్పికొడుతుంది. రేపు ఆ చోటుకి కొత్త అర్థం ఇవ్వాలంటే, ఇవాళ ఎవరూ అందులో చెత్త పంపి ఉండకూడదు.